పల్చటి జుట్టు ఒత్తుగా కనిపించాలంటే: కత్తెర ఎక్కడ పడాలి, రంగు ఎక్కడ ఆగాలి

జుట్టు పల్చబడిందని చెప్పి కుర్చీలో కూర్చుంటే మన ఒడిశా బరంపురం సెలూన్లలో చాలాచోట్ల మొదట వినపడే మాట "హాలుకా కరిదేబి, అపా?" తేలిక చేసెయ్యనా అక్కా అని అడుగుతున్నారన్నమాట. ఊఁ అన్నారంటే పళ్ళున్న థిన్నింగ్ కత్తెర బయటికొస్తుంది. నెత్తి నుంచి కొసల దాకా నాలుగైదు చోట్ల కసకసా నొక్కేస్తారు. ఆ పూట బ్లో డ్రై చేశాక చూడ్డానికి బాగానే ఉంటుంది. రెండోసారి తలంటుకున్నాక అసలు సంగతి బయటపడుతుంది: కొసలు ఎలకతోకలా సన్నబడతాయి, పాపిడి పక్కన పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఉన్నదే తక్కువైన జుట్టులోంచి ఇంకా తీసేస్తే ఒత్తు రాదు. కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు "వద్దు, థిన్నింగ్ వద్దు. పాయింట్ కటింగ్ చెయ్యండి, అదీ నడినెత్తిన మాత్రమే" అని ఉండాలి. పాయింట్ కటింగ్ అంటే కత్తెర మొనతో పాయలోకి గాట్లు పెట్టడం, టెక్స్చర్ కటింగ్‌లో ఒక పద్ధతి.

టెక్స్చర్ కటింగ్ అంటే జుట్టు తగ్గించడం కాదు. లోపలి పొరల్లో కొన్ని వెంట్రుకల్ని కాస్త పొట్టి చేసి, పొడుగువి వాటి మీద ఆనుకునేలా చెయ్యడం. పొడుగు వెంట్రుక తన బరువుకి తనే వేలాడి కుదురు దగ్గర తలకి అంటుకుపోతుంది. పొట్టిదానికి ఆ బరువుండదు కనక నిలబడుతుంది, పైనున్నదాన్ని కూడా ఎత్తిపడుతుంది. అయితే కింద కొసల గీత మాత్రం చెక్కుచెదరకూడదు. కొసలన్నీ ఒకే చోట తెగి ఆగితేనే కంటికి జుట్టు దట్టంగా తోస్తుంది. ఆ గీతని ఎప్పుడైతే చిందరవందర చేశామో, పైన ఎంత లేపినా కింద వెలితి తెలిసిపోతుంది.

కత్తెర పట్టేముందు జుట్టు సన్నమా, పల్చనా అని తేల్చుకోవాలి. రెండూ ఒకటి కాదు. ఒక్క వెంట్రుకని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూడండి. ఏమీ తగలనట్టుంటే సన్నం, గరుగ్గా తెలుస్తుంటే ముతక. తర్వాత జుట్టంతా కలిపి పోనీ వేసి చుట్టుకొలత చూడండి. 5 సెంటీమీటర్ల లోపుంటే పల్చన, 10కి దగ్గరగా ఉంటే దట్టం. సన్నంగా ఉన్నా దట్టంగా ఉంటే పొరలు నాలుగు ఎక్కువ పడినా ఫర్వాలేదు. ముతకగా, పల్చగా ఉంటే నెత్తి మీద రెండు మూడు పొడుగాటి పొరలు చాలు. సన్నమూ పల్చనా రెండూ అయితే కింద గీత తిన్నగా కొట్టించి, పైన నామమాత్రంగా పాయింట్ కటింగ్ చేయించుకుని అక్కడితో ఆపెయ్యడమే మంచిది. నలభై దాటాక చాలామంది ఈ మూడో రకంలోకి వస్తారు.

కింద గీత తడి మీద కొట్టాలి. దువ్వెన కిందికి దించి, జుట్టు ఎత్తకుండా, కత్తెర అడ్డంగా పట్టి. పైన పొరల పని మాత్రం జుట్టు ఆరాకే. తడి వెంట్రుక సాగుతుంది, ఆరాక పైకి లేస్తుంది. కొంచెం వంకీలున్న జుట్టయితే తడిలో కొలిచింది ఆరేసరికి రెండు మూడు సెంటీమీటర్లు పొట్టిగా కనిపిస్తుంది. తడి మీదే నెత్తి పొరలు తీస్తే ఎంత పొట్టి అయిందో లేచి అద్దంలో చూసుకునేదాకా తెలియదు.

ఆరాక నడినెత్తిన గుర్రపునాడా ఆకారంలో ఒక భాగం విడదీసి క్లిప్పులు పెడతారు. పాపిడికి రెండువైపులా ఒక్కో సెంటీమీటరు, నుదుటి దగ్గర రెండు వేళ్ళ వెడల్పు జుట్టు ఈ భాగంలోకి రాకూడదు. మాడు కనపడకుండా కప్పే ముసుగు అదే, దాన్ని పొడుగ్గానే ఉంచాలి. లోపలి భాగంలోంచి 2 సెంటీమీటర్ల మందం పాయ తీసి, తలకి నిట్టనిలువుగా, అంటే 90 డిగ్రీల్లో ఎత్తిపట్టి, కత్తెర మొనని పాయలోకి దాదాపు జుట్టుతో సమాంతరంగా దించుతూ 1 నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున గాట్లు పెడతారు. ఇదే పాయింట్ కటింగ్. కత్తెర ఎంత అడ్డంగా తిరిగితే అంత మొద్దుగా తెగుతుంది, ఎంత నిలువుగా ఉంటే అంత మెత్తగా కలిసిపోతుంది. తిన్నని సన్నజుట్టుకి నెత్తి మీది పొర 10, 12 సెంటీమీటర్ల కంటే పొట్టి కాకూడదు. వంకీలుంటే ఇంకో 3 సెంటీమీటర్లు వదలాలి. సుడి ఉన్నచోట మరీ జాగ్రత్త. సుడి తిరిగిన వైపుకే దువ్వి, చుట్టూ ఉన్నవాటి కంటే కాస్త పొడుగ్గా వదిలితేనే అది పడుకుంటుంది. పొట్టి చేశారంటే మధ్యలో మాడు గుండ్రంగా తేలుతుంది. చాలామంది అది చూసి బట్టతల మొదలైందని భయపడతారు.

ఇక జడ సంగతి. ఈ కటింగ్ గురించి చెప్పే వీడియోలన్నీ జుట్టు విరబోసుకునేవాళ్ళకే. మనలో వారంలో ఐదారు రోజులు జడో ముడో వేసుకునేవాళ్ళే ఎక్కువ. మెడ దగ్గరే ఆగిపోయే పొరలు జడలో ఇమడవు, మధ్యాహ్నానికల్లా చెవుల పక్కన, మెడ మీద జారిపోతాయి. పైగా కింద పాయలకి జుట్టు చాలక జడ కొస దారంలా మిగులుతుంది, రబ్బరు బ్యాండు కూడా నిలవదు. జడ వేసుకునేవాళ్ళకి అన్నిటికంటే పొట్టి పొర కూడా భుజం ఎముక దాకా రావాలి, అంతకంటే పైకి పొర వద్దు. ముఖం పక్కన ముంగురులు కావాలంటే గెడ్డం దాకా రెండువైపులా వేలెడు పాయ చాలు. నెత్తి మీద ఎత్తు కోసం పొరలకి బదులు, జడ బిగించే ముందు నడినెత్తి జుట్టుని చేత్తో కాస్త వదులు చేసి పైకి లాగి, లోపల రెండు పిన్నులు గుణకారం గుర్తులా పెట్టండి. పూలు పెట్టుకునే అలవాటుంటే దండని సైడు పిన్నుతో పొట్టి పొరలకి కాకుండా జడ మొదటి అల్లికకి గుచ్చాలి. బరువు పొట్టి వెంట్రుకల మీద పడితే అవి కుదుళ్ళతో సహా ఊడి రావచ్చు.

థిన్నింగ్ కత్తెరకి అసలు పనే లేదని కాదు. ముతకగా, దట్టంగా ఉండి చెవుల వెనకా మెడ మీదా ఉబ్బే జుట్టుకి అది బాగా పనికొస్తుంది. అప్పుడు కూడా కుదురుకి కనీసం 5 సెంటీమీటర్ల దూరంలో, ఒక పాయలో ఒకటి రెండుసార్లకి మించి నొక్కకూడదు. కుదురుకి దగ్గరగా నొక్కితే తెగిన ముతక మొలకలు నిలబడి పైజుట్టుని తోస్తుంటాయి, ఎంత దువ్వినా అణగవు. కత్తెరల్లో కూడా తేడా ఉంది. సన్నపళ్ళు 30 దాకా ఉన్నది మెత్తగా కలుపుతుంది, పది పన్నెండు వెడల్పు పళ్ళదైతే ముక్కలు ముక్కలుగా తీసేస్తుంది. పల్చటి తల మీద ఈ రెండోది పడకూడదు. రేజర్ కూడా వద్దనే చెప్తాను, ముఖ్యంగా బరంపురం, ఛత్రపురం, గోపాలపురం వైపు. రేజర్ వెంట్రుక కొసని ఏటవాలుగా చీల్చి వదులుతుంది. సముద్రపు గాలిలో తేమకి ఆ చీలిన కొసలు చిరచిరలాడుతూ ముళ్ళలా విడిపోతాయి.

తేమ మాట వచ్చింది కనక ఇది కూడా. బ్లో డ్రైతో వచ్చిన ఎత్తు వెంట్రుక లోపలి హైడ్రోజన్ బంధాల మీద ఆధారపడుతుంది. తేమ తగిలితే అవి వీడిపోతాయి. అందుకే వానాకాలంలో గోపాలపురం తీరాన పొద్దున్న లేపిన జుట్టు పది గంటలకి పడిపోతుంది. అదే పని రాయగడలోనో కొరాపుట్‌లోనో చలికాలంలో చేస్తే సాయంత్రం దాకా నిలుస్తుంది. తీరంలో ఉండేవాళ్ళు బ్లో డ్రయ్యర్‌ని నమ్ముకోవడం కంటే కటింగ్‌ని నమ్ముకోవడం నయం. కటింగ్‌తో వచ్చిన ఎత్తుని తేమ పూర్తిగా తీసెయ్యలేదు.

రంగు దగ్గరికి వద్దాం. పల్చటి జుట్టుకి నిండు నలుపు శత్రువు. మాడు చర్మం లేతరంగు, జుట్టు కారునలుపు. ఈ తేడా ఎంత ఎక్కువైతే పాపిడి అంత వెడల్పుగా కనిపిస్తుంది. షేడు నంబర్లలో 1 నలుపు, 10 అన్నిటికంటే లేత. మన సహజమైన జుట్టు ఎక్కువగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. పల్చబడ్డవాళ్ళు 3 లేదా 4, అంటే ముదురు గోధుమకి దిగితే బయట చూసేవాళ్ళకి నల్లజుట్టులాగే ఉంటుంది గానీ పాపిడి గీత మెత్తబడుతుంది. షేడు నంబరులో చుక్క ఉంటే, చుక్క ముందు అంకె రంగు ఎంత ముదురో చెప్తుంది, చుక్క తర్వాతది ఛాయ. నెరుపు సగం కంటే ఎక్కువ ఉంటే ఛాయ ఉన్న షేడు ఒక్కటే వేస్తే తెల్లవెంట్రుకల మీద నిలబడదు, ఎర్రగా మెరుస్తుంది. సహజమైన షేడు సగం, ఛాయ షేడు సగం కలపాలి.

టచప్‌కి, అంటే కొత్తగా పెరిగిన కుదుళ్ళకి మాత్రం రంగు వెయ్యడానికి, జుట్టు పొడిగా ఉండాలి. ముందురోజు షాంపూతో తలంటుకుని, నూనె రాయకుండా వెళ్ళండి. కొబ్బరినూనె రాసిన తల మీద రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. బోరు నీళ్ళు వాడే ఇళ్ళయితే నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద పేరుకుని ఉంటాయి. రంగుకి ఒకటి రెండు రోజుల ముందు కీలేటింగ్ షాంపూతో ఒకసారి కడిగితే పొర వదులుతుంది. లేకపోతే రంగు మందకొడిగా పడి తొందరగా వెలిసిపోతుంది.

జుట్టు నెలకి సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. నాలుగైదు వారాల పెరుగుదలకి తలంతా వెయ్యాలంటే 30 గ్రాముల క్రీము, కంపెనీ చెప్పిన కొలత ఒకటికి ఒకటిన్నర అయితే 45 మి.లీ. డెవలపర్ (క్రీములో కలిపే పెరాక్సైడ్) సరిపోతుంది. పాపిడి, కణతలు మాత్రమే అయితే అందులో సగం. నెరుపు కప్పడానికి 20 వాల్యూమ్, అంటే 6 శాతం పెరాక్సైడ్. నెరుపు లొంగడం లేదని 30 వాల్యూమ్ వాడితే మాడు మండుతుంది, సహజమైన నల్లకుదుళ్ళు ఎర్రబడతాయి, తెల్లవి మాత్రం అలాగే ఉంటాయి. కంటితో చూసి కలపడం చాలాచోట్ల ఉన్న అలవాటు. చిన్న తూకం మిషన్ మీద పెట్టి కలిపించండి. ప్లాస్టిక్ గిన్నె తప్ప లోహపు గిన్నె వద్దు.

నుదుటి అంచున, చెవుల మీద వ్యాసలీన్ రాసి తలని నాలుగు భాగాలు చేస్తారు. తెల్లవి ఎక్కువున్న చోట, మామూలుగా కణతలు, ముందు గీత, పాపిడి, మొదలుపెట్టాలి. అక్కడి వెంట్రుకలే రంగు ఆలస్యంగా పీల్చుకుంటాయి. అర సెంటీమీటరు మందం పాయలు తీస్తూ బ్రష్ అంచుతో కొత్తగా పెరిగినంత మేరకే రాయాలి. పాత రంగు మొదలయ్యే గీతకి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే బ్రష్ ఆగిపోవాలి, క్రీము తనంతట తనే ఆ దూరం పాకుతుంది. టైము ఆఖరి పాయకి రాసిన క్షణం నుంచి లెక్క: 30 నుంచి 35 నిమిషాలు, మొండి నెరుపుకి కంపెనీ ఒప్పుకుంటే 45 దాకా.

ఈ అరగంటలోనే మన ఊళ్ళల్లో ఎక్కువ పాడవుతుంది. ఎండాకాలం, పైన ఫ్యాను పూర్తి వేగంలో తిరుగుతుంటుంది, క్రీము పావుగంటలో పొరలా ఎండిపోతుంది. ఎండిన రంగు పని చెయ్యడం మానేస్తుంది, అందుకే నడినెత్తిన ఫ్యాను కిందున్న జుట్టే సరిగా పట్టదు. క్యాప్ వదులుగా పెట్టండి, లేదా కుర్చీ ఫ్యాను కిందనుంచి జరపండి. కరెంటు పోతే ఇంకో ఇబ్బంది: చెమట క్రీముని పల్చన చేసి మెడ మీదికి, కళ్ళలోకి దింపుతుంది. తడి దూదితో అంచులు తుడుస్తూ ఉండాలి. కొరాపుట్, జయపురం వైపు డిసెంబరు చలిలో ఇదే మందు మెల్లిగా పనిచేస్తుంది, చెప్పిన టైములో ఎక్కువది పూర్తిగా ఇవ్వాలి. చివరి ఐదు నిమిషాలు కొద్దిగా నీళ్ళు చిలకరించి వేళ్ళతో కుదుళ్ళ దగ్గర మెత్తగా రుద్దితే అంచులు కలిసిపోతాయి, చర్మం మీది మరక కూడా వదులుతుంది. తర్వాత నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి.

"రంగు మిగిలింది కదా, కొసలకి కూడా పులిమేద్దాం" అంటే ఒప్పుకోకండి. రంగు వేసిన మర్నాడు జుట్టు ఒత్తుగా తోచడానికి కారణం ఉంది. అమ్మోనియా వెంట్రుక పైపొరని ఉబ్బించి లేపుతుంది. నున్నదనం తగ్గి వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. కుదురు దగ్గర ఆ గరుకుదనం మేలే చేస్తుంది. కానీ కొసలకి ప్రతి నెలా అదే తగిలితే పైపొర రాలిపోతుంది, రంగు పేరుకుని నల్లబడుతుంది, చివరికి విరుగుతుంది. కత్తెరతో కట్టిన గీత అలా రెండు మూడు టచప్‌లలోనే పోతుంది. కొసలు వెలిసినట్టుంటే అమ్మోనియా లేని డెమీ రంగు (మెల్లిగా వెలిసిపోయే రకం) అదే షేడులో, కడిగే ముందు 5 నుంచి 10 నిమిషాలు, అదీ రెండు మూడు టచప్‌లకి ఒకసారి చాలు.

ఇప్పటిదాకా నిండు నలుపు వేసుకుంటున్నవాళ్ళు ఒక్కసారిగా కుదుళ్ళకి 4 వేస్తే పైన గోధుమ, కింద నలుపుగా పట్టీ కనిపిస్తుంది. రంగు మీద రంగు వేసి లేత చెయ్యడం కుదరదు. ముందు 3తో మొదలుపెట్టి, పాపిడి చుట్టూ ఎనిమిది పది సన్నని పాయల్ని ఫాయిల్‌లో పెట్టి కొద్దిగా లేత చేయిస్తే తేడా చెదిరిపోతుంది. నల్లపాయల మధ్య రెండు మూడు ఛాయలు ఉన్నప్పుడు జుట్టుకి లోతు వస్తుంది, ఒత్తు ఇంకాస్త పెరిగినట్టుంటుంది.

గోరింటాకు వాడేవాళ్ళు తప్పకుండా చెప్పాలి. ఉత్త గోరింటాకు ఆకుపొడి అయితే పెద్ద ప్రమాదం లేదు, రంగు ఎరుపు తిరుగుతుంది అంతే. సంతలో దొరికే "నల్ల గోరింటాకు" పొడుల్లో పీపీడీనో (కొందరికి ఎలర్జీ తెప్పించే రంగు రసాయనం), లోహపు లవణాలో కలిసి ఉండొచ్చు. లోహపు లవణాల మీద పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు. అనుమానముంటే 20 వాల్యూమ్ పెరాక్సైడ్ 30 మి.లీ.లో 28 శాతం అమ్మోనియా 20 చుక్కలు కలిపి, కత్తిరించిన చిన్న పాయని అరగంట అందులో ఉంచి చూస్తారు. పాయ కొద్దిగా లేతబడితే ఫర్వాలేదు. ఏ మార్పూ లేకపోయినా, పెట్టిన వెంటనే గబగబా లేతబడినా, వేడెక్కి పొంగినా ఆ జుట్టు మీద రంగు వెయ్యకూడదు. ఇది ఇంట్లో కాదు, గాలి ఆడే చోట పార్లర్ వాళ్ళు చెయ్యాల్సిన పని. చెవి వెనక పూసే ఎలర్జీ పరీక్ష మాత్రం ఎవరికైనా, ఎప్పుడైనా 48 గంటల ముందు చెయ్యాల్సిందే. పదేళ్ళుగా వేసుకుంటున్న రంగే ఒకరోజు పడకపోవచ్చు. నల్ల మెహెందీ డిజైన్‌కి ఎప్పుడైనా చేతి మీద పొక్కులు వచ్చినవాళ్ళు పీపీడీ ఉన్న రంగు జోలికే పోకూడదు.

కటింగూ రంగూ ఒకే రోజయితే ముందు కింద గీత కొట్టించి, తర్వాత రంగు, కడిగి ఆరబెట్టాక చివర్లో పాయింట్ కటింగ్. తీసెయ్యబోయే కొసల మీద మందు ఖర్చవదు, రంగు పడ్డాక ఎక్కడ వెలితి ఉందో కూడా తేటగా తెలుస్తుంది. పెళ్ళికో, రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతరకో అయితే మూడు నాలుగు రోజుల ముందే చేయించుకోండి. మాడు మీది మరకలు పోతాయి, పొరలు కూడా సర్దుకుంటాయి. రంగు వేసిన 48 గంటలు తలంటు వద్దు. కండిషనర్ చెవి కిందనుంచే. నూనె కూడా కొసలకే, తలంటుకి గంట ముందు. ఆరబెట్టేటప్పుడు తల వంచి కుదుళ్ళని ముందు ఆరనిచ్చి, నడినెత్తిన రెండు వెల్క్రో రోలర్లు పది నిమిషాలు పెట్టి, పూర్తిగా చల్లారాకే తియ్యండి. వేడి మీద తీస్తే ఎత్తు నిలవదు.

మగవాళ్ళకి సూత్రం అదే, కొలతలు వేరు. పక్కలు 2 లేదా 3 నంబరు క్లిప్పర్‌తో దించి, పైన 5 నుంచి 7 సెంటీమీటర్లు ఉంచి పాయింట్ కటింగ్ చేస్తే పైది ఒత్తుగా తోస్తుంది. పక్కలు ఒత్తుగా వదిలేస్తే పైన వెలితి ఇంకా తెలుస్తుంది.

దువ్వెనకి మామూలు కంటే ఎక్కువ వస్తుంటే మాత్రం ముందు కారణం చూపించుకోండి. రోజుకి 50 నుంచి 100 రాలడం సహజం. గట్టి జ్వరం, డెంగీ, టైఫాయిడ్, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకి గుప్పిళ్ళతో రాలుతుంది, చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. ఆ సమయంలో పొరలు తీయించుకోకుండా కింద గీత మాత్రం కొట్టించుకోండి. గుండ్రంగా మచ్చల్లా ఊడుతున్నా, పాపిడి ఏడాదిగా వెడల్పవుతున్నా బరంపురం ఎమ్‌కేసీజీ మెడికల్ కాలేజీ చర్మవ్యాధుల విభాగంలో చూపించి, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవడం మంచిది.

టచప్ నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. కింద గీత ఎనిమిది వారాలకోసారి సరిచేయించాలి. నెత్తి మీది పొరలు మాత్రం మూడు నాలుగు నెలలకి ఒకసారే. గీత కోసం వెళ్ళిన ప్రతిసారీ పైన కూడా కత్తెర పెట్టనిస్తే పొరలు పొట్టివవుతూ పోతాయి, జడ పల్చబడుతూ పోతుంది. కూర్చునేటప్పుడే చెప్పెయ్యండి: "ఈసారి పైన ముట్టుకోవద్దు, కింద ఒక్కటే."